బేసు తీగలు: బెజవాడ చెమటకి తట్టుకునేలా మార్చడం, చూసుకోవడం

బేసు గిటార్ తీగ తెగడం నా ఇరవై ఏళ్ళ వాయింపులో రెండుసార్లే చూశాను. చావడం మాత్రం ఏటా వేసవిలో చూస్తూనే ఉన్నాను. మార్చిలో గంటలా మోగిన తీగ రోహిణి కార్తె దాటేసరికి తడి తాడు మీద కొట్టినట్టు ‘దబ్’ మంటుంది. ఆంప్‌లో (శబ్దం పెంచే పెట్టెలో) ట్రెబుల్ పెంచుతాం, పికప్ (తీగ కంపనాన్ని పట్టే అయస్కాంతం) పోయిందేమో అనుకుంటాం, చివరికి బేసే పాతబడిందని కొత్తదాని ధరలు చూడటం మొదలుపెడతాం. చాలాసార్లు తప్పు తీగలదే.

మన విజయవాడ, గుంటూరుల్లో నాకు తెలిసిన బేసు వాయిద్యకారులు ఎక్కువగా చర్చిల్లోనో, పెళ్ళి ఆర్కెస్ట్రాల్లోనో ఉన్నవాళ్ళు. తీగలు మార్చడం పక్కనున్న గిటారిస్టుని చూసి నేర్చుకున్నవాళ్ళు. గిటార్ పద్ధతి బేసుకి కొంతవరకే పనికొస్తుంది. బేసు తీగ లావు, లాగుడు ఎక్కువ, సెట్టు ధర గిటార్ సెట్టుకి మూడు నాలుగు రెట్లు. గిటార్ తీగ ఒకటి పొట్టిగా కత్తిరిస్తే విడి తీగ కొనుక్కోవచ్చు. బేసుకి విడి తీగ మన ఊళ్ళో దొరకడం కష్టం. ఒక్క తప్పు కత్తిరింపుకి సెట్టు మొత్తం కొనాలి. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఒక చిన్న మాట. తీగల పేర్లు లావు నుంచి సన్నానికి ఇ, ఎ, డి, జి. ‘ఈ తీగ’ అని రాస్తే ఏ తీగో తెలియదు కాబట్టి ఇ-తీగ, ఎ-తీగ అనే రాస్తాను. అయిదు తీగల బేసైతే ఇ-తీగకి పైన ఇంకా లావుగా బి-తీగ ఉంటుంది.

తీగ చచ్చిందని ఎలా తెలుస్తుంది

చుట్టు తీగ అంటే లోపల ఉక్కు కడ్డీ, దాని మీద సన్నటి తీగ వరస చుట్లు. చెమట, చర్మపు జిడ్డు, దుమ్ము ఆ చుట్ల సందుల్లోకి దిగి గట్టిపడతాయి. పైస్థాయి నాదాలు మోగకుండా అవి అడ్డుపడతాయి. పైగా ఆ మురికి తీగ పొడవునా సమంగా పేరుకోదు. వేళ్ళు ఎక్కువ తిరిగే చోట ఎక్కువ, మిగతా చోట తక్కువ. బరువు ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా ఉన్న తీగ శ్రుతిలో నిలబడదు. వదులు తీగ (ఎక్కడా నొక్కకుండా మీటింది) ట్యూనర్‌లో సరిగ్గా ఉంటుంది, 12వ ఫ్రెట్ (మెడ మీది అడ్డ లోహపు పట్టీ) దగ్గర నొక్కితే తేడా వస్తుంది. బ్రిడ్జి (తీగల కింది కొసని పట్టుకునే భాగం) ఎంత జరిపినా కుదరదు.

కాబట్టి పరీక్ష సులువు. తీగ కింది వైపు వేలిగోరు పెట్టి పొడవునా లాగండి. ఫ్రెట్లు తగిలే చోట నొక్కులు తెలుస్తాయి. తెల్ల గుడ్డతో తుడిస్తే నల్లగా వస్తుంది. తుడిచాక కూడా నలుపు, తుప్పు మచ్చలు పోకపోతే, 12వ ఫ్రెట్ శ్రుతి తప్పుతుంటే, ఇక మార్చాల్సిందే.

ఎన్నాళ్ళకి మార్చాలి అంటే, ‘ఇన్ని నెలలకి’ అని చెప్పే సలహా మన ఊరికి సరిపోదు. నా లెక్క పంచాంగాన్ని బట్టి ఉంటుంది. వైశాఖం ముహూర్తాల్లో షామియానా కింద నాలుగు గంటలు వాయిస్తే మోచేతి మీంచి చెమట బ్రిడ్జి మీదికి కారుతుంది. ఏప్రిల్‌లో కొత్త సెట్టు ఎక్కిస్తే జూన్‌కి అది పాతదే. అందుకని ఎండాకాలం పాత తీగలతోనే నెట్టుకొచ్చి, వానలు పడ్డాక జూన్ చివర్లో ఒక సెట్టు మారుస్తాను. వినాయక చవితి, దసరా దానిమీదే గడుస్తాయి. డిసెంబర్ మొదట్లో, క్రిస్మస్ కేరల్స్ మొదలవకముందే రెండోది. అది ఫిబ్రవరిలో గుణదల తిరునాళ్ళ దాకా హాయిగా మోగుతుంది. వారానికి ఒక్క ఆదివారమే వాయించేవాళ్ళకి ఏడాదికి ఒక సెట్టు చాలు. వారానికి మూడు నాలుగు ప్రోగ్రాములున్నవాళ్ళకి రెండు నెలలు గడవడమే ఎక్కువ.

దీనికి వేరే పాట పాడినవాళ్ళూ ఉన్నారు. మోటౌన్ అనే అమెరికన్ రికార్డు కంపెనీ పాటలకి బేసు వాయించిన జేమ్స్ జేమర్సన్ తీగలు తెగితే తప్ప మార్చేవాడు కాదని ప్రతీతి. ఆయన వాడినవి చదునైన చుట్టు ఉన్న తీగలు. ఆ మెత్తటి, లోతైన శబ్దం ఆయనకి కావాల్సిందే. అది మీకూ కావాలనుకుంటే తీగ పాతబడటం నష్టం కాదు. కానీ చాలామంది మార్చనిది ఆ శబ్దం కోసం కాదు, బద్ధకం వల్ల.

ఏ సెట్టు కొనాలి

కొనేముందు టేపు తీసి కొలవండి. తలభాగం దగ్గర తీగలు గాడుల్లో ఆనే పట్టీ, అంటే నట్ నుంచి 12వ ఫ్రెట్ దాకా కొలిచి రెట్టింపు చేస్తే అది మీ బేసు స్కేలు. ఎక్కువ బేసులకి 34 అంగుళాలు వస్తుంది, అంటే 12వ ఫ్రెట్ దాకా 17 అంగుళాలు. చిన్న బేసులకి 30. ప్యాకెట్ మీద లాంగ్ స్కేల్, షార్ట్ స్కేల్ అని రాసి ఉంటుంది. పొట్టి సెట్టు పెద్ద బేసుకి చాలదు, సన్నబడే కొస నట్ దాటకముందే వచ్చేస్తుంది. పెద్ద సెట్టు పొట్టి బేసుకి వేస్తే లావు భాగమే తలభాగంలోని కీ కడ్డీ (శ్రుతి కీ తిప్పితే తీగ చుట్టుకునేది) చుట్టూ తిరగాలి. అక్కడ చుట్టు పగిలి తీగ పాడవుతుంది. తీగలు బేసు వెనక నుంచి చెక్కలోంచి దూర్చే రకమైతే ఇంకొంచెం పొడవు కావాలి, కొనేటప్పుడే అడగండి.

లావు విషయం. 45-105 అంటే సన్న తీగ 45, లావు తీగ 105 అంగుళంలో వెయ్యోవంతులు. మిల్లీమీటర్లలో సుమారు 1.14, 2.67. మామూలు వాయింపుకి ఇదే వాడకం. వేళ్ళు నొప్పి పుడుతుంటే 40-100 చూడండి. అయిదు తీగల సెట్టులో బి-తీగ సాధారణంగా 125 నుంచి 130 ఉంటుంది. కొత్త సెట్టు పాతదాని లావే ఉంటే పని సగం తగ్గుతుంది. లావు మారితే నెక్ (బేసు మెడ) మీద లాగుడు మారుతుంది, తర్వాత సర్దుబాట్లన్నీ చేయాలి.

గుండ్రటి చుట్టు తీగలు గణగణమంటాయి, వేలు జారిస్తే కీచుమంటాయి. చదును చుట్టు తీగలు మెత్తగా, పాతకాలపు సినిమా పాటలా మోగుతాయి, ధర ఎక్కువ, ఏళ్ళ తరబడి ఉంటాయి. 1951లో ఫెండర్ కంపెనీ ప్రెసిషన్ బేసు వచ్చినప్పుడు ఉన్నవి చదును తీగలే. గుండ్రటివి 1960ల్లో రోటోసౌండ్ అనే తీగల కంపెనీ పుణ్యమా అని జనంలోకి వచ్చాయి. లోహం సంగతికొస్తే, నికెల్ పూత ఉన్న ఉక్కు చేతికి మెత్తన, ఫ్రెట్లకి మంచిది. స్టెయిన్‌లెస్ స్టీల్ మన చెమటకి బాగా తట్టుకుంటుంది, శబ్దం పదునుగా ఉంటుంది, కానీ ఫ్రెట్లని త్వరగా అరగదీస్తుంది. వీణకి మెట్లు మైనం మీద నిలబెడతారు కాబట్టి జరిగితే మళ్ళీ మేళం కట్టించుకోవచ్చు (మెట్లు సరిచేసి నిలబెట్టించుకోవచ్చు). బేసు ఫ్రెట్లు చెక్కలో దిగ్గొట్టినవి. అరిగితే పెద్ద పని. నా చెయ్యి విపరీతంగా చెమట పడుతుంది, అయినా నికెల్ పూత ఉన్నవే వాడతాను.

నికెల్ కాకుండా, పైన జిడ్డు అంటని పలచటి పొరతో పూత వేసిన తీగలు ధరలో దాదాపు రెట్టింపు. కానీ జిడ్డు చుట్లలోకి దిగదు. ఎండాకాలం నిండా పెళ్ళిళ్ళలో వాయించేవాళ్ళకి ఆ డబ్బు గిట్టుబాటు అవుతుంది. నెలకోసారి వాయించేవాళ్ళకి అనవసరం.

తక్కువ ధరకి దొరికిందని తీసుకుంటే ఏమవుతుందో ఒకసారి నాకు తెలిసొచ్చింది. ఇంటికొచ్చి ప్యాకెట్ విప్పితే ఇ-తీగ మీద అప్పటికే ఎర్రటి తుప్పు. అప్పటినుంచి కౌంటర్ దగ్గరే లోపలి కవరు సీలు చూసి తీసుకుంటున్నాను.

ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

మంచి కటింగ్ ప్లయర్ కావాలి. వంటింటి కత్తెరతో లావు తీగ తెగదు, కత్తెర పోతుంది. ట్యూనర్, రెండు మెత్తటి గుడ్డలు, బేసుతో వచ్చిన ఎలన్ కీలు, స్క్రూడ్రైవర్, మిల్లీమీటర్లు కనపడే స్కేలు. ఎలన్ కీలు పోగొట్టుకుంటే ఆటోనగర్‌లో ఏ విడిభాగాల కొట్టులోనైనా దొరుకుతాయి, కానీ అంగుళాల కొలతా మిల్లీమీటర్ల కొలతా అన్నది చూసుకోండి. దాదాపుగా సరిపోయే కీ పెట్టి తిప్పితే స్క్రూ మూల అరిగిపోతుంది. తర్వాత ఏ కీ పట్టదు.

ఫోను యాప్‌తో ట్యూన్ చేస్తామంటే చేయండి, కానీ ఇ-తీగ 41 హెర్ట్జ్, ఫోను మైకుకి అంత లోతు సరిగ్గా అందదు. 12వ ఫ్రెట్ మీద తీగని తాకీ తాకనట్టు వేలు పెట్టి మీటితే 82 హెర్ట్జ్ హార్మోనిక్ వస్తుంది. యాప్ దాన్ని సులువుగా పట్టుకుంటుంది. తలభాగానికి తగిలించే క్లిప్ ట్యూనర్ చెక్క కంపనాన్నే చదువుతుంది, మైకు ఇబ్బంది దానికి లేదు.

బేసుని మంచం మీద పెట్టి, నెక్ కింద చుట్టిన దుప్పటి పెట్టండి. నేల మీద టైల్స్ పైన వద్దు. తలభాగం బరువుకి జారి ఒక్కసారి టైల్స్‌కి తగిలితే కీ వంగుతుంది.

పాతవి విప్పడం

ముందు ఫోనుతో తలభాగం ఫొటో ఒకటి తీసుకోండి. ఏ తీగ ఎటునుంచి చుట్టుకుందో రేపు మరిచిపోతారు.

నాలుగు తీగలూ శ్రుతిలో ఉన్నప్పుడు నెక్ మీద పడే మొత్తం లాగుడు సుమారు 80 కిలోలు. ఒక మనిషి వేలాడినంత. బిగువుగా ఉన్న తీగని కటింగ్ ప్లయర్‌తో కత్తిరిస్తే ఆ కొస కంటికి తగలొచ్చు. అందుకని ముందు కీ తిప్పి, తీగ వేలాడేదాకా వదులు చేయండి. అప్పుడు విప్పండి.

ఒకటి విప్పి, కొత్తది ఎక్కించి, శ్రుతికి తెచ్చి, తర్వాత రెండోది. ఇదే నా పద్ధతి. నెక్ బిగువు ఒక్కసారిగా పోదు, బ్రిడ్జి కదలదు. ఏడాదికి ఒకసారి ఫ్రెట్‌బోర్డ్ బాగా శుభ్రం చేసేటప్పుడు మాత్రం నాలుగూ తీసేస్తాను. అరగంట తీగలు లేకుండా ఉంటే నెక్ ఏమీ అయిపోదు. ఒక్క జాగ్రత్త: బీటిల్స్ బృందం పాల్ మెకార్ట్‌నీ వాయించే హోఫ్నర్ వయొలిన్ బేసులాంటి వాటిలో బ్రిడ్జిని స్క్రూలు పట్టుకోవు, తీగల ఒత్తిడే పట్టుకుంటుంది. అన్నీ తీసేస్తే బ్రిడ్జి ఊడి చేతిలోకి వస్తుంది. దాని కాళ్ళ చోట పెన్సిల్ గుర్తు పెట్టుకోకుండా ముట్టుకోవద్దు.

పాత తీగలు పారేయకండి. మరీ తుప్పు పట్టనివైతే తుడిచి, చుట్టి, బ్యాగులో ఒక మూల పెట్టుకోండి. కత్తిరించిన కొసలు మాత్రం కాయితంలో చుట్టి చెత్తలో వేయండి. మంచం మీద పడ్డ ఒక ముక్క రాత్రి అరికాల్లో దిగితే తెలుస్తుంది.

శుభ్రం

ఫ్రెట్‌బోర్డ్ ముదురు గోధుమరంగులో, పూత లేకుండా ఉంటే అది రోజ్‌వుడ్ లాంటి చెక్క. మురికి కొంచెం తడిపిన గుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డ వేయండి. ఎండిపోయినట్టు తెల్లగా కనిపిస్తే ఫ్రెట్‌బోర్డ్ కోసం అమ్మే లెమన్ ఆయిల్ రెండు మూడు చుక్కలు, ఏడాదికోసారి. లేత పసుపు రంగులో మెరుస్తూ ఉంటే పూత వేసిన మేపుల్, దానికి నూనె అక్కర్లేదు. కొబ్బరినూనె రాయమని మా ఇంట్లో సలహా వచ్చింది. వద్దు. కొన్నాళ్ళకి జిడ్డు పేరుకుని కంపు కొడుతుంది, ఆ జిడ్డు కొత్త తీగలకీ అంటుతుంది.

నట్ గాడుల్లో మెత్తటి పెన్సిల్ ముల్లు గీయండి. ఆ గ్రాఫైట్ పొడి వల్ల తీగ గాడిలో ఇరుక్కోకుండా జారుతుంది. ట్యూన్ చేసేటప్పుడు ‘టిక్’ మని శబ్దం వచ్చి శ్రుతి ఒక్కసారిగా గెంతుతుంటే కారణం ఈ గాడే.

కొత్త తీగ ఎక్కించడం

గుండు ఉన్న కొసని వెనక పెట్టి, రెండో కొసని బ్రిడ్జిలోంచి దూర్చి లాగండి. గుండు బ్రిడ్జి వెనక గట్టిగా కూర్చోవాలి. తర్వాత తీగని గాలిలో వేలాడనిచ్చి, మెలిక ఉంటే అదే తిరిగి విడిపోనివ్వండి. ఇది చాలామంది చేయరు. మెలికపడ్డ తీగ బిగించాక కూడా మెలికతోనే ఉంటుంది, ఎంత కొత్తదైనా మొద్దుబారి మోగుతుంది. ‘ఈ సెట్టులో ఇ-తీగ బాలేదు’ అనే ఫిర్యాదుల్లో కొన్ని ఇదే.

ఇప్పుడు కొలత. కీ కడ్డీ దగ్గరికి తీగని బిగువుగా లాగి, కడ్డీ దాటి 10 నుంచి 12 సెంటీమీటర్లు ఎక్కువ ఉంచుకోండి. లెక్క ఇలా వస్తుంది. బేసు కీ కడ్డీ మధ్యలో సుమారు 12 మిల్లీమీటర్ల లావు ఉంటుంది, ఒక చుట్టుకి దాదాపు 4 సెంటీమీటర్ల తీగ పోతుంది. మనకి రెండు నుంచి మూడు చుట్లు కావాలి, లోపల రంధ్రంలోకి ఇంకో సెంటీమీటరు. మీ బేసు కడ్డీ సన్నగా ఉంటే ఆ మేరకు తగ్గించుకోండి. సన్న తీగలకి మూడు చుట్లు, ఇ-తీగకి రెండు, రెండున్నర. చుట్లు తక్కువైతే తీగ జారుతుంది, నట్ మీద ఒత్తిడి చాలదు. ఎక్కువైతే ఒకదానిమీద ఒకటి ఎక్కుతాయి, శ్రుతి నిలవదు.

కత్తిరించేముందు, కత్తిరించబోయే చోటికి ఒక సెంటీమీటరు ఇవతల తీగని ప్లయర్‌తో లంబంగా వంచండి. వంచాకే కత్తిరించండి. వంచకుండా కత్తిరిస్తే కొన్ని తీగల్లో పైచుట్టు కడ్డీ మీద జారి విడిపోతుంది. బయటికి ఏమీ కనపడదు, తీగ శబ్దం మాత్రం పోతుంది. ఈ తప్పు నేనే చేశాను. గుంటూరు అరండల్‌పేటలో ఒక క్రిస్మస్ ప్రోగ్రాంకి సాయంత్రం ఆరింటికి సౌండ్ చెక్, అయిదున్నరకి హడావుడిగా ఎ-తీగ మార్చి, చేతికందిన చోట కత్తిరించేశాను. మూడో పాటకల్లా ఆ తీగ మీద ఏ స్వరం వాయించినా డబ్బా మోతే. కీ-బోర్డ్ వాయించే తమ్ముడు నా వంక చూడటం, నేను ఆంప్ వంక చూడటం. ఆ రాత్రి ఎ-తీగ మీది పాటంతా ఇ-తీగ అయిదో ఫ్రెట్ నుంచి వాయించి ముగించాను.

వంచిన కొసని కడ్డీ మధ్యలోని రంధ్రంలోకి పూర్తిగా దించండి. వంపు అంచు మీద కూర్చోవాలి. ఒక చేత్తో తీగని కొంచెం బిగువుగా పట్టుకుని, రెండో చేత్తో కీ తిప్పండి. ప్రతి చుట్టూ ముందుదాని కింద పడాలి, పైనుంచి కిందికి. అలా అయితే తీగ తలభాగానికి దగ్గరగా దిగి, నట్ మీద కోణం బాగా వస్తుంది. తీగ కడ్డీకి ఏ వైపు నుంచి బయలుదేరాలి అంటే, కీ చెవి ఉన్న వైపు కాదు, దానికి ఎదుటి వైపు. తలభాగం మీద చిన్న గుండీలాంటి పట్టీ ఉంటే దాని కింద వెళ్ళాల్సిన తీగలు వెళ్ళాయో లేదో చూడండి. సాధారణంగా డి, జి తీగలు.

కొత్తవాళ్ళు దాటేసే ఇంకో పని ఉంది. శ్రుతికి తెచ్చాక, బ్రిడ్జి శాడిల్‌కి (బ్రిడ్జి మీద తీగ ఆనే చిన్న ముక్కకి) అంటుకునేచోట తీగని బొటనవేలితో కిందికి ఒత్తండి. నట్ దగ్గర కూడా, నట్‌కి ఫ్రెట్‌బోర్డ్ వైపున, అంతే. లావు తీగ సహజంగా అక్కడ విల్లులా వంగి ఉంటుంది, పదునైన మలుపు తీసుకోదు. ఒత్తితే మలుపు కుదురుతుంది, శబ్దం తేటపడుతుంది, 12వ ఫ్రెట్ శ్రుతి కూడా దారికొస్తుంది. గట్టిగా కాదు, బొటనవేలి బలం చాలు.

తర్వాత సాగదీయడం. 12వ ఫ్రెట్ దగ్గర తీగని పట్టుకుని రెండు సెంటీమీటర్లు పైకి లాగి వదలండి, ట్యూన్ చేయండి. శ్రుతి దిగడం ఆగేదాకా మూడు నాలుగుసార్లు. ఎప్పుడూ కిందినుంచి పైకి శ్రుతికి రండి. పైకి పోయిందా, దించి మళ్ళీ పైకి రండి. కొత్త తీగలు ఒక రాత్రి నిలబడితేగానీ కుదురుకోవు, కాబట్టి ప్రోగ్రాం రోజు మార్చకండి. ముందురోజు మార్చండి.

సర్దుబాట్లు, ఈ వరసలోనే

అదే లావు సెట్టు వేస్తే సర్దుబాటు అక్కర్లేకపోవచ్చు. అయినా ఒకసారి చూడండి. వరస తప్పితే చేసిన పనే మళ్ళీ చేయాలి: ముందు నెక్, తర్వాత తీగల ఎత్తు, చివర్లో శ్రుతి సరిచేసే శాడిల్.

నెక్ చూడటానికి ఒక తీగని మొదటి ఫ్రెట్ దగ్గర ఒక చేత్తో, చివరి ఫ్రెట్ దగ్గర ఇంకో చేత్తో నొక్కండి. 7వ, 8వ ఫ్రెట్ల మీద తీగకీ ఫ్రెట్‌కీ మధ్య 0.3 మిల్లీమీటర్ల సందు ఉంటే సరిపోతుంది. కొలిచే పరికరం కొనక్కర్లేదు. ఎకూస్టిక్ గిటార్ 12 గేజ్ సెట్టులో మొదటి తీగ ముక్క సరిగ్గా అంతే లావు. అది పక్కనుంచి దూరాలి, తీగని పైకి లేపకూడదు. సందు ఎక్కువైతే ట్రస్ రాడ్ (నెక్ లోపల ఉండే, నెక్ వంపుని సరిచేసే కడ్డీ) సవ్యంగా, గడియారం ముల్లు తిరిగినట్టు, పావు చుట్టు. సందు లేకపోతే అపసవ్యంగా పావు చుట్టు. మళ్ళీ ట్యూన్ చేసి, కొన్ని గంటలు ఆగి, మళ్ళీ కొలవండి. కీ బిగుసుకుపోయి తిరగకపోతే బలం పెట్టొద్దు, తెలిసినవాళ్ళకి చూపించండి. ఇందులో నేను కచ్చితంగా భయపడే పని ఇదొక్కటే. రాడ్ విరిగితే నెక్ పోయినట్టే.

ఎత్తు కొలిచేది 17వ ఫ్రెట్ దగ్గర, ఫ్రెట్ పైభాగం నుంచి తీగ కిందికి. ఇ-తీగ సుమారు 2.4, జి-తీగ 2.0 మిల్లీమీటర్లు మంచి మొదలు. బలంగా కొట్టేవాళ్ళు కొంచెం పెంచుకోవాలి. శాడిల్ మీది చిన్న స్క్రూలు తిప్పితే ఎత్తు మారుతుంది.

ఇక శ్రుతి. 12వ ఫ్రెట్ హార్మోనిక్ మీటండి, తర్వాత అదే ఫ్రెట్ నొక్కి మీటండి. నొక్కింది పైకి పోతుంటే తీగ పొట్టిదైంది, శాడిల్‌ని వెనక్కి, నెక్‌కి దూరంగా జరపండి. కిందికి ఉంటే ముందుకి. జరిపేటప్పుడు తీగ వదులు చేయండి, లేకపోతే స్క్రూ మర అరుగుతుంది. అన్నీ కుదిరాక చూస్తే శాడిల్స్ మెట్లలా, ఇ-తీగది అన్నిటికంటే వెనకగా నిలబడి ఉంటాయి. అలా లేకపోతే ఏదో లెక్క తప్పిందని అనుమానించండి.

బజ్ (తీగ ఫ్రెట్‌కి తగిలి వచ్చే గరగర) ఎక్కడినుంచి వస్తోందో చెవితో పట్టుకోవచ్చు. వదులు తీగకే బజ్ వస్తే నట్ గాడి లోతైంది. మొదటి నాలుగైదు ఫ్రెట్లలోనే వస్తే నెక్ మరీ నిటారుగా ఉంది. పై ఫ్రెట్లలో వస్తే ఎత్తు చాలదు. ఇ-తీగ అల్లల్లాడుతూ అపశ్రుతిలా వినిపిస్తే పికప్ మరీ దగ్గరగా ఉండి, అయస్కాంతం తీగని లాగుతోంది. పికప్ స్క్రూ తిప్పి కొంచెం దించండి.

రోజువారీ

వాయించేముందు చేతులు కడుక్కోండి. ఇది మా అమ్మ చెప్పినట్టు ఉంటుంది కానీ, విరామంలో మిర్చిబజ్జి తిని వచ్చి తీగ పట్టుకోవడం మనలో అందరం చేసే పనే. ఆ నూనె చుట్లలోకి దిగితే ఇక పైకి రాదు.

వాయించాక ఒక్క నిమిషం. పాత బనియన్ గుడ్డని తీగ చుట్టూ మడిచి, పైవైపే కాదు కింది వైపు కూడా వచ్చేలా, బ్రిడ్జి నుంచి నట్ దాకా లాగండి. నాలుగు తీగలకీ. తర్వాత బ్రిడ్జి శాడిల్స్ మీద ఒకసారి. నా లెక్కలో పూత తీగలకి పెట్టే అదనపు డబ్బుకంటే ఈ గుడ్డ ముక్కే ఎక్కువ ఆదా చేస్తుంది. గుడ్డ తడిగా ఉంటే మార్చండి, తడి గుడ్డని బ్యాగులో తీగల పక్కన పెట్టడం తుప్పుని పిలవడమే.

మే నెలలో మూసిన కారులో బేసు వదిలేయకండి. మధ్యాహ్నం బెంజ్ సర్కిల్ దగ్గర కారు ఆపి భోజనానికి వెళ్ళొచ్చేలోపు లోపల వేడికి నెక్ వంగుతుంది, జిగురు మెత్తబడుతుంది. ఏసీ హాల్లోంచి బయటి ఉక్కపోతలోకి వస్తే చల్లటి లోహం మీద తేమ పడుతుంది. బ్యాగు జిప్ పావుగంట తీయకుండా ఉంచండి, బేసు మెల్లగా వేడెక్కుతుంది. వానాకాలం బ్యాగులో రెండు సిలికా జెల్ సంచులు. కొత్త చెప్పుల డబ్బాల్లో వచ్చేవి దాచుకున్నా చాలు.

తీగలని నీళ్ళలో ఉడకబెడితే కొత్తవి అవుతాయంటారు. కొంత నిజమే. పది నిమిషాలు మరిగిస్తే జిడ్డు వదిలి రెండు మూడు ప్రోగ్రాములు బాగా మోగుతాయి. కానీ నీళ్ళు చుట్ల లోపలే ఉండిపోయి కడ్డీని తుప్పు పట్టిస్తాయి. స్పిరిట్‌లో ఒక రాత్రి నానబెట్టి ఆరబెట్టడం మేలు, అది త్వరగా ఆరిపోతుంది. మూత బిగుతుగా ఉన్న సీసాలో పెట్టండి, వంటగదికి, దీపానికి దూరంగా. పూత వేసిన తీగలకి, నూలు చుట్టిన కొసలున్నవాటికి ఇది పనికిరాదు. ఇంకో చిక్కు ఏమిటంటే, ఒకసారి వంచి చుట్టిన కొసని విప్పి మళ్ళీ చుట్టేటప్పుడు అక్కడే విరగడానికి సిద్ధంగా ఉంటుంది. రెండోసారికి మించి ప్రయత్నించకండి.

తీగలకీ కరెంటుకీ సంబంధం ఉందన్న సంగతి కూడా చెప్పాలి. బ్రిడ్జి ద్వారా తీగలు ఎర్త్ అయి ఉంటాయి, అందుకే చెయ్యి పెట్టగానే హమ్ (ఆంప్‌లో గుయ్యిమనే మోత) తగ్గుతుంది. పందిరి స్టేజీల మీద ఎర్త్ సరిగ్గా లేని లైను ఉంటే, తీగల మీద చెయ్యి పెట్టుకుని మైకుకి పెదవి తగిలించినప్పుడు షాక్ కొడుతుంది. కోరస్ పాడే బేసిస్టులు పాడేముందు చేతి వెనక వైపుతో మైకుని ఒకసారి తాకి చూసుకోండి. చురుక్కుమంటే లైటింగ్ అబ్బాయిని పిలిచి సాకెట్ మార్పించేదాకా పాట మొదలుపెట్టకండి.

కొత్త సెట్టు ఎక్కించిన రోజు ఖాళీ ప్యాకెట్ మీద తేదీ, లావు రాసి బ్యాగు జేబులో పెట్టుకోండి. నా జేబులో ఇప్పుడున్న ప్యాకెట్ మీద జూన్ 28 అని ఉంది, కింద పెన్సిల్‌తో ‘ఎ-తీగ కొస వంచాకే కత్తిరించు’ అని కూడా.